ముందు ఆటలేవో చెప్పండి, కార్డు సంగతి తర్వాత

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకదాని చుట్టూనే తిరుగుతున్నాయి: పాత ఆటల కోసం పాత కంప్యూటర్ సిద్ధం చేసుకుంటున్నాం, ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి అని. మొదటి ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే రాశాను, ఎందుకంటే మిగతావాళ్ల అనుమానాల్లో సగం అందులోనే తీరిపోతాయి.

ప్రశ్న: మా బాబాయి ఒకప్పుడు వాడి అటకెక్కించిన కంప్యూటర్ని కిందికి దించాను. పెంటియం 3, 700 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు, 256 ఎంబీ ర్యామ్, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. అన్నీ పనిచేస్తున్నాయి, గ్రాఫిక్స్ కార్డు మాత్రం పోయింది. అన్‌రియల్, హాఫ్‌లైఫ్, క్వేక్ 3 ఆడాలని ఉంది, మధ్యమధ్యలో డాస్ ఆటలు కూడా. "ఏజీపీలో వచ్చినవాటిలో అన్నిటికంటే బలమైన కార్డు తెచ్చి పెట్టేయ్, పాత ఆటలు ఎగురుకుంటూ నడుస్తాయి" అంటున్నాడు మా ఫ్రెండ్. అలా చేయొచ్చా?

జవాబు: చేయొద్దు. అసలు మీ ఫ్రెండ్ చెప్పిన కార్డు మీ బోర్డులో దూరకపోవచ్చు కూడా. ఏజీపీ అంటే అప్పటి బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు కోసమే ఉండే స్లాటు. పేరు ఒకటే గానీ లోపల వేరువేరు వోల్టేజీలున్నాయి. 440బీఎక్స్ 1998లో వచ్చింది, దాని ఏజీపీ స్లాటు 2ఎక్స్ వేగంతో 3.3 వోల్టుల మీద నడుస్తుంది. తర్వాత వచ్చిన 4ఎక్స్‌ది 1.5 వోల్టులు, 8ఎక్స్‌లో అయితే సిగ్నల్ వోల్టేజీ 0.8కి దిగిపోయింది. చివరి రోజుల్లో వచ్చిన బలమైన ఏజీపీ కార్డుల్లో చాలావాటికి 3.3 వోల్టుల స్లాటులో కూర్చునే గాటే ఉండదు. కార్డు చేతికి రాగానే బంగారు రంగు కాళ్లున్న అంచు చూడండి. బ్రాకెట్‌కి, అంటే మానిటర్ కేబుల్ పెట్టే రేకుకి, దగ్గరగా గాటుంటే 3.3 వోల్టులకి పనికొస్తుంది, దూరంగా ఉంటే 1.5కి, రెండు గాట్లూ ఉంటే రెండింటికీ. మీకు కావాల్సింది బ్రాకెట్ దగ్గరి గాటు. (రెండు గాట్లున్న ప్రతి కార్డునీ నమ్మొద్దు, ఆ కథ మూడో ప్రశ్నలో ఉంది.)

సరే, దూరింది అనుకుందాం. అయినా లాభం తక్కువే. తెర మీద ఒక్క ఫ్రేమ్, అంటే కదిలే బొమ్మలో ఒక్క చిత్రం, కనిపించే ముందు ప్రాసెసర్‌కి బోలెడు పని ఉంటుంది: శత్రువు ఎటు నడిచాడు, తూటా దేనికి తగిలింది, ఏ శబ్దం రావాలి, ఇవన్నీ తేల్చుకుని అప్పుడు డ్రైవర్ ద్వారా కార్డుకి "ఇది గీయి" అని చెప్పాలి. మీ 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ పనంతా సెకనుకి 70 సార్లు చేయగలిగితే, కార్డుకి సెకనుకి 300 సార్లు గీసే సత్తా ఉన్నా మీకు కనిపించేది 70 ఫ్రేములే, మిగతా సమయమంతా కార్డు ఖాళీగా కూర్చుంటుంది. పైగా కొత్త కార్డు కావాలంటే కొత్త డ్రైవర్ కావాలి, కొత్త డ్రైవర్ రాసినవాళ్లు అప్పటి కొత్త ప్రాసెసర్లని దృష్టిలో పెట్టుకునే రాశారు, దాని బరువు మళ్లీ మీ పెంటియం 3 మీదే పడుతుంది. నాలుగేళ్లు కొత్తదైన కార్డు పెట్టి, పాతదానికంటే నెమ్మదిగా నడిచిందని తల పట్టుకున్నవాళ్లని నేను చూశాను.

దీన్ని మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. క్వేక్ 3లో కన్సోల్, అంటే ఆదేశాలు టైప్ చేసే తెర, తెరిచి టైమ్‌డెమో 1 (timedemo 1) అని కొట్టి ఏదైనా డెమో నడిపించండి, చివర్లో సెకనుకి ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెబుతుంది. ముందు 640×480లో, తర్వాత 1024×768లో చూడండి. రెండు అంకెలూ దాదాపు ఒకటే అయితే ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గర, ఇంకా బలమైన కార్డు తెచ్చినా ఒక్క ఫ్రేమ్ పెరగదు. రిజల్యూషన్ పెంచగానే అంకె ధబీమని పడిపోతే ఆగుతున్నది కార్డు దగ్గర. మీరు మామూలుగా ఆడే రిజల్యూషన్‌లో అప్పుడప్పుడే పడటం మొదలవుతుంటే జత సరిగ్గా కుదిరినట్టు. నేను వాడే కొలత అదే: ప్రాసెసర్ ఏ సంవత్సరానిదో కార్డు కూడా ఆ సంవత్సరానిదో, లేదా మహా అయితే ఒకటి రెండేళ్లు తర్వాతదో.

ఇప్పుడు మీ ఆటల దగ్గరికి వద్దాం. అసలు నిర్ణయం ఇక్కడుంది, బలంలో లేదు.

అన్‌రియల్ 1998 ఆట. 3డీఎఫ్ఎక్స్ అనే కార్డుల కంపెనీ వాళ్ల గ్లైడ్ అనే పద్ధతిని మనసులో పెట్టుకుని చేసింది. ఆట కార్డుతో మాట్లాడే భాషలు కొన్నున్నాయి, గ్లైడ్ కూడా డైరెక్ట్3డీ, ఓపెన్‌జీఎల్ లాగా అలాంటిదే, కానీ వాళ్ల వూడూ కార్డులకి మాత్రమే అర్థమయ్యే భాష. మిగతా కార్డులకి దారి తర్వాత ప్యాచుల్లో వచ్చింది, ఆట నడుస్తుంది గానీ ఆ పొగమంచు, ఆ నీళ్ల మెరుపు వూడూ మీద చూసినవాళ్లకి తేడా తెలుస్తుంది. క్వేక్ 3 అలా కాదు. అది 1999 ఆట, ఓపెన్‌జీఎల్ తప్ప ఇంకోటి ఎరగదు, 32 బిట్ రంగులు, పెద్ద టెక్స్చర్లు (గోడలకీ మనుషులకీ పైన అంటించే బొమ్మలు) అడుగుతుంది, ఆకారాల లెక్కలు కూడా కార్డే చేసుకునే జీఫోర్స్ లాంటిది ఉంటే సంతోషిస్తుంది. వూడూ3 మీద 3డీలో 16 బిట్ రంగులే, టెక్స్చర్ 256×256 దాటదు. క్వేక్ 3 దాని మీద నడవదని కాదు, బాగానే నడుస్తుంది, కానీ ఆకాశం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. హాఫ్‌లైఫ్‌కి పట్టింపులు లేవు, దేని మీదైనా ఆడుకోవచ్చు.

అంటే మీరు అడిగిన మూడింట్లో రెండు ఆటలు ఎదురెదురు దిక్కులకి లాగుతున్నాయి. ఒకే కార్డు పెట్టుకోవాలంటే ఏ ఆట ఎక్కువ ఆడతారో మీరే చెప్పాలి: అన్‌రియల్ అయితే వూడూ3 3000, క్వేక్ 3 అయితే జీఫోర్స్2 ఎంఎక్స్ 400. నన్నడిగితే మాత్రం రెండూ వదులుకోను. ఏజీపీ స్లాటులో జీఫోర్స్2 ఎంఎక్స్, పక్కనే పీసీఐ స్లాటులో, అంటే మిగతా మామూలు కార్డులు పెట్టే దాంట్లో, వూడూ2 పెడతాను.

వూడూ2కి 2డీ అంటే ఏమిటో తెలియదు, విండోస్ డెస్క్‌టాప్ కూడా చూపించలేదు. అందుకే దాని వెనక రెండు వీజీఏ సాకెట్లు, అంటే మానిటర్ కేబుల్ పెట్టేవి, ఉంటాయి. జీఫోర్స్ నుంచి ఒక పొట్టి కేబుల్ వూడూ2 ఒక సాకెట్‌లోకి, రెండో దాని నుంచి మానిటర్‌కి. మామూలప్పుడు జీఫోర్స్ బొమ్మ దాని గుండా అలా దాటిపోతుంది, గ్లైడ్ ఆట మొదలుపెట్టగానే వూడూ2 ఆ దారి మూసి తన బొమ్మ పంపిస్తుంది. (1996 నాటి మొదటి వూడూ కార్డుల్లో ఆర్చిడ్ రైచియస్ 3డీ అని ఒకటుంది, దాంట్లో ఈ మార్పిడికి రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు, ఉండేది, ఆట మొదలయ్యేటప్పుడు 'టిక్'మని వినిపించేది. దాని కోసమే ఆ కార్డు వెతుక్కునేవాళ్లున్నారు, నవ్వకండి, నేనూ వాళ్లలో ఒకణ్ణే.) ఈ ఏర్పాటులో ఒక లోపం, సిగ్నల్ రెండు కేబుళ్లు దాటి రావడం వల్ల పెద్ద రిజల్యూషన్‌లో డెస్క్‌టాప్ అక్షరాలు కొంచెం మసకబారతాయి. పొట్టిగా, మందంగా ఉన్న కేబుల్ వాడితే చాలావరకు తగ్గుతుంది.

వూడూ2లో 8 ఎంబీ, 12 ఎంబీ రెండు రకాలున్నాయి, వీలైతే 12 తీసుకోండి. ఆ 12 ఎంబీ ఒకే ముద్ద కాదు, 4 ఎంబీ తెర బొమ్మకి, మిగిలిన 8లో రెండు టెక్స్చర్ చిప్పులకి చెరో 4. రెండు చిప్పుల్లోనూ అవే టెక్స్చర్లు ఉంచాల్సి వస్తుంది కాబట్టి ఆటకి నిజంగా దక్కేది 4 ఎంబీ చోటే. 8 ఎంబీ కార్డులో అదే 2 అవుతుంది, అప్పుడు అన్‌రియల్ గది మారినప్పుడల్లా ఒక కుదుపు. రిజల్యూషన్ మాత్రం రెండిట్లోనూ 800×600 దగ్గరే ఆగుతుంది, 1024×768 కావాలంటే రెండు వూడూ2లు జతచేయాలి. దానికి మీరు ఇప్పుడే వెళ్లకండి.

డాస్ ఆటల గురించి బెంగ వద్దు. డాస్ ఆటలు బొమ్మ చూపించడానికి వాడే వీజీఏ, వెసా పద్ధతులు రెండిట్లోనూ జీఫోర్స్2 ఎంఎక్స్ బుద్ధిగా ఉంటుంది. మొండి ఆటలు ఒకటి రెండు తగలొచ్చు, వాటి కోసం కార్డు మార్చకండి.

ఒక్క జాగ్రత్త. జీఫోర్స్2 ఎంఎక్స్ 200 అని ఒకటుంది, పేరు చూసి అదే అనుకుని తెచ్చుకుంటారు. దాని మెమొరీ దారి 64 బిట్లే, ఎంఎక్స్ 400లో మామూలుగా 128 ఉంటుంది. 1024×768కి వెళ్లగానే ఆ తేడా కళ్లకి కనబడుతుంది.

ప్రశ్న: నా దగ్గర అథ్లాన్ ఎక్స్‌పీ 2000+ కంప్యూటర్ ఉంది. ఇద్దరు కార్డులిస్తామంటున్నారు: ఒకటి 64 ఎంబీ జీఫోర్స్3, ఇంకోటి 128 ఎంబీ జీఫోర్స్4 ఎంఎక్స్ 440. పెద్ద నంబరు, రెట్టింపు మెమొరీ కదా, రెండోదే తీసుకోనా?

జవాబు: వద్దు, మొదటిది తీసుకోండి. నంబర్లు చూసి మోసపోకూడదని చెప్పడానికి ఈ ఎంఎక్స్ 440ని మించిన ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు. పేరులో 4 ఉంది గానీ లోపలున్నది జీఫోర్స్2 వంశమే. 2001లో వచ్చిన జీఫోర్స్3లో పిక్సెల్ షేడర్లు, అంటే ఒక్కో చుక్క రంగుని ఆట రాసిచ్చిన లెక్కతో తేల్చే సౌకర్యం, ఉన్నాయి, 2002లో వచ్చిన ఈ ఎంఎక్స్‌లో లేవు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్ లాంటి 2003 ఆటలు జీఫోర్స్3 మీద మొదలవుతాయి, ఎంఎక్స్ 440 మీద అసలు మొదలే కావు. నెమ్మదిగా నడవడం వేరు, తలుపే తెరవకపోవడం వేరు.

మెమొరీ సంగతి కూడా అంతే. డబ్బా మీద 128 అని పెద్దగా కొట్టేవాళ్లు, ఆ మెమొరీకి చిప్పు నుంచి వెళ్లే దారి ఎంత వెడల్పో మాత్రం చిన్నక్షరాల్లో కూడా రాసేవాళ్లు కాదు. జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 కార్డుల్లో 64 బిట్‌వి కుప్పలుగా ఉన్నాయి, 128 ఎంబీ ఉండి కూడా 64 ఎంబీ జీఫోర్స్4 టీఐ 4200 ముందు నిలవలేవు. మీ ప్రాసెసర్‌కి సరిగ్గా అతికేది ఆ టీఐ 4200యే. జీఫోర్స్3తో మొదలుపెట్టి, ఎక్కడైనా టీఐ కనబడితే మార్చుకోండి.

జీఫోర్స్‌కి పోటీగా ఏటీఐ తెచ్చిన రేడియన్ 9700, 9800 సంగతేమిటని మీలో కొందరు అడుగుతారు, ముందే చెప్పేస్తాను. అవి గొప్ప కార్డులు, విండోస్ ఎక్స్‌పీలో 2003, 2004 నాటి డైరెక్ట్‌ఎక్స్ 9 ఆటలకి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ కంటే వాటికే నా ఓటు. హాఫ్‌లైఫ్ 2 కూడా ఎఫ్ఎక్స్ కార్డులు చూసి తనంతట తాను డైరెక్ట్‌ఎక్స్ 8 దారిలోకి దిగిపోతుంది. కానీ 1997, 98 నాటి ఆటలు ఆడాలంటే వాటితో ఇబ్బంది. ఆ రోజుల్లో టేబుల్ ఫాగ్ (దూరాన పొగమంచు గీసే పద్ధతి) అనీ, 8 బిట్ ప్యాలెట్ టెక్స్చర్లు (256 రంగుల పట్టిక నుంచి రంగులు తీసుకునేవి) అనీ రెండు సౌకర్యాలు వాడేవాళ్లు, ఈ రేడియన్లలో అవి లేవు. అప్పుడేమవుతుందంటే దూరంగా కొండల మీద ఉండాల్సిన పొగమంచు మాయమై, దాని చాటున దాచిన లోకపు అంచు, అంటే నేల ఠక్కున కోసేసినట్టు ఆగిపోయే చోటు, బట్టబయలవుతుంది. ఫైనల్ ఫాంటసీ 7 పీసీ వెర్షన్ ప్యాలెట్ టెక్స్చర్లు అడిగే రకం. జీఫోర్స్ ఎఫ్ఎక్స్ వరకు ఈ టెక్స్చర్లని మోసుకొచ్చారు, 6 సిరీస్‌లో తీసేశారు. మొదటి స్ప్లింటర్ సెల్ నీడలు సరిగ్గా చూడాలన్నా జీఫోర్స్3 నుంచి ఎఫ్ఎక్స్ దాకా ఉన్నవే నమ్మకం. కాబట్టి విండోస్ 98 ఆటలు, ఎక్స్‌పీ ఆటలు రెండూ ఒకే పెట్టెలో కావాలంటే టీఐ 4200 దగ్గర ఆగడమే మేలు.

డ్రైవర్ విషయం. విండోస్ 98కి జీఫోర్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ 81.98. చివరిది కదా అని అదే వేయకండి, టీఐ 4200కి 45.23 వేసి చూడండి, పాత ఆటలు దాంతోనే కుదురుగా ఉంటాయి.

ప్రశ్న: పాత పెంటియం 4 బోర్డులో సెకండ్‌హ్యాండ్ ఏజీపీ కార్డు పెట్టాను. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. కార్డు పోయినట్టేనా?

జవాబు: అంత తొందరెందుకు? ఆ బీపుల లెక్క అవార్డ్ బయాస్‌లో (బయాస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాము) "గ్రాఫిక్స్ కార్డు దొరకలేదు" అని చెప్పడం, కార్డు చచ్చిందని కాదు. పక్క నుంచి కంటిని స్లాటుకి సమానంగా పెట్టి చూడండి. బ్రాకెట్ స్క్రూ బిగిస్తుంటే కార్డు అటు చివర, అంటే క్యాబినెట్ లోపలి వైపు, ఒక వెంట్రుకవాసి పైకి లేస్తుంది, ఏజీపీ కాళ్లు రెండంతస్తులుగా ఉంటాయి కాబట్టి ఆ కాస్త లేచినా చాలు, కొన్ని కాళ్లు గాల్లో ఉండిపోతాయి. స్క్రూ విప్పి, కార్డుని రెండు చివర్లా నొక్కి, స్క్రూ లేకుండానే ఒకసారి ఆన్ చేయండి. నాకు వచ్చే "కార్డు చచ్చిపోయింది" కేసుల్లో చాలావాటి రోగం ఇదే. కాళ్లని మామూలు రబ్బరుతో తుడిచి, పొడి దులిపి పెట్టడం కూడా మర్చిపోకండి.

అయితే ఆన్ చేసే ముందు ఇంకోటి చూడాలి, ఇది నా చేతులు కాలాక తెలిసింది. రెండు గాట్లూ ఉన్న, ఎవరు తయారుచేశారో స్టిక్కరు కూడా లేని ఒక కార్డుని నేను ఒక పెంటియం 4 బోర్డులో పెట్టాను. గాట్లున్నాయి కదా, రెండు వోల్టేజీలకీ పనికొస్తుందిలే అనుకున్నాను. లోపల అది శుద్ధ 3.3 వోల్టుల కార్డు, గాట్లు కోసినవాడు తప్పు కోశాడు. పవర్ బటన్ నొక్కాక ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగింది, అంతే, బోర్డు మళ్లీ లేవలేదు. ఇంటెల్ 845, 850 లాంటి చిప్‌సెట్లు 3.3 వోల్టులని తట్టుకోలేవు. అందుకే గాట్లు చూసి ఊరుకోకుండా కార్డు మీది చిప్పు పేరు చదవండి, అది 2ఎక్స్ కాలంనాటిదైతే 1.5 వోల్టుల బోర్డు దరిదాపులకి తీసుకెళ్లకండి.

కరెంటు కూడా చూసుకోండి. కొన్ని ఏజీపీ కార్డులకి స్లాటులో వచ్చే కరెంటు చాలదు. వూడూ5 5500కీ ఎఫ్ఎక్స్ 5900కీ హార్డ్ డిస్క్‌కి పెట్టే నాలుగు పిన్నుల కనెక్టర్ కావాలి, రేడియన్ 9700 ప్రోకి ఫ్లాపీ డ్రైవ్‌కి పెట్టే చిన్నది. అది తగిలించకుండా కార్డుని తిట్టడం అన్యాయం. ఇక పవర్ సప్లై కొత్తది కొంటున్నవాళ్లు వాట్లు మాత్రమే చూడకండి, దాని పక్కన 5 వోల్టుల వరస ఎన్ని ఆంపియర్లిస్తుందో చదవండి. ఇప్పటివన్నీ 12 వోల్టుల మీద బలంగా ఉంటాయి, పాత బోర్డుల్లో చాలావాటికి, ముఖ్యంగా తొలి అథ్లాన్ బోర్డులకి, కావాల్సింది 5 వోల్టుల మీద. కార్డు మీదా బోర్డు మీదా కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో కూడా చూడండి, ఉబ్బితే మార్పించాకే ఆన్ చేయండి. తెర వెలిగి, బయాస్ అక్షరాల దగ్గర నుంచే నిలువు గీతలో రంగు చుక్కలో కనిపిస్తే మాత్రం అప్పుడు చెప్పండి, అది కార్డు మీది మెమొరీ గొడవ, డ్రైవర్ మార్చినంత మాత్రాన పోయేది కాదు.

ప్రశ్న: కార్డు బాగుంది, ఆటలు నడుస్తున్నాయి. కానీ వైడ్ ఎల్‌సీడీ మీద డాస్ ఆటల్లో మనుషులు బొద్దుగా, సాగదీసినట్టు కనిపిస్తున్నారు. వేరే కార్డు కొనాలా?

జవాబు: కార్డు తప్పేం లేదు, మానిటర్ సాగదీస్తోంది. ఆ ఆటల బొమ్మ 320×200, దాన్ని 4:3 తెర నిండా పరవాలని లెక్కేసి గీశారు, అంటే ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ, సుమారు 1.2 రెట్లు. మీ మానిటర్ మెనూలో 4:3 అనే ఎంపిక ఉంటే పెట్టి చూడండి. లేకపోతే పాత 4:3 మానిటర్ ఒకటి సంపాదించండి. 1280×1024 ఎల్‌సీడీ మాత్రం 5:4 అని గుర్తుంచుకోండి, మనుషులు ఈసారి కాస్త సన్నబడతారు.